పోస్టాఫీసు కౌంటర్లో కొత్తగా కూర్చున్నవారికి: గోదావరి డెల్టాలో పని, పరీక్షలు, తపాలా బిళ్ళల సరదా

కోనసీమలోనో నరసాపురం వైపో ఒక సబ్ పోస్టాఫీసుకు పోస్టల్ అసిస్టెంటుగా పోస్టింగు వచ్చిందనుకోండి. శిక్షణలో సాఫ్ట్‌వేర్ చూపించారు, ఫారాల నంబర్లు బట్టీ పట్టించారు. కానీ కౌంటర్ ముందు ఆర్డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) ఏజెంటు పాసుబుక్కుల కట్టతో, ఆమె వెనక నోట్ల సంచితో రొయ్యల రైతు, ఆయన వెనక ఆవకాయ డబ్బా పట్టుకుని ఒక పెద్దావిడ నిలబడితే ఎవరి పని ఎలా తెమల్చాలో ఎవరూ చెప్పరు. ఆ మిగిలిపోయిన పాఠమే ఇది.

ముందుగా ఒక్క మాట. డబ్బు, తెర మీద ఎంట్రీ, పాసుబుక్కు, ఈ మూడూ ఒక్కసారే కదలాలి. రసీదు ఇచ్చే పనైతే పాసుబుక్కు బదులు రసీదు. ఒకటి ముందు నడిచి ఇంకొకటి వెనకబడిందంటే ఆ సాయంత్రం లెక్క తేలదు. అదే అలవాటైతే ఛార్జిషీటు దాకా పోతుంది. కింద చెప్పేదాంట్లో సగం దీనికి వివరణే.

కౌంటర్ తెరవకముందు

అరగంట ముందు రండి. మొదట డేట్ స్టాంపు. తేదీ మార్చి, ముద్రల పుస్తకంలో ఒక అచ్చు వేసి, చదివి, సంతకం పెట్టండి. చాలామంది అచ్చు వేస్తారు గానీ చదవరు. నిన్నటి తేదీ అలాగే ఉండిపోతే, దరఖాస్తుకు ఆఖరి రోజున పంపినవాడు రేపు ఆ కవరు పట్టుకుని కోర్టుకు వెళ్తాడు. ఇంకు గడ్డకట్టిన స్టాంపులో 3, 8 ఒకేలా పడతాయి. పాత పళ్ళ బ్రష్షుతో వారానికోసారి అంకెల సందులు శుభ్రం చేస్తే సరిపోతుంది. వర్షాకాలంలో ప్యాడ్‌కు ఇంకు తగ్గించండి. కాగితం చెమ్మగా ఉన్నప్పుడు ఇంకు పాకి ముద్ర మొత్తం మరకలా అయిపోతుంది.

తర్వాత తూకం యంత్రం. సున్నా చూపిస్తోందా అన్నది ఒక్కటే చాలదు, బరువు తెలిసిన వస్తువు ఒకటి పెట్టి చూడండి. నేరుగా సీలింగ్ ఫ్యాను కింద పెట్టకండి. తేలికపాటి కవర్ల దగ్గర ఫ్యాను గాలికే అంకె ఊగుతుంది, ఛార్జీ మారే 50 గ్రాముల గీత దాటిందో లేదో తేలక కస్టమరుతో వాదన మొదలవుతుంది.

ట్రెజరర్ దగ్గర నగదు తీసుకునేటప్పుడు ఆయన ఎదురుగానే లెక్కపెట్టుకోండి. కట్ట మీద చీటీ ఉంది, బ్యాంకు వాళ్ళది, ఇంకేం చూస్తాం అనుకోవద్దు. 10, 20 నోట్లు, చిల్లర అడిగి తీసుకోండి. పన్ను కలిశాక బుకింగు మొత్తాలు గుండ్రంగా రావు, చిల్లర లేకపోతే క్యూ అక్కడే ఆగిపోతుంది.

జమకు ఒక వరుస, చెల్లింపుకు ఇంకో వరుస

జమ అయితే ముందు ఫారం చదవాలి, తర్వాత డబ్బు లెక్కపెట్టాలి. ఫారం వెనక నోట్ల వివరం రాయాలి: 500వి ఎన్ని, 200వి ఎన్ని, 100వి ఎన్ని. అప్పుడు తెర మీద ఖాతా తెరిచి పేరు పైకి చదవాలి. నంబరు పోల్చుకుంటే చాలదు. ఒక్క అంకె అటూ ఇటూ అయినా ఇంకొకరి ఖాతా నిజంగానే తెరుచుకోవచ్చు. పేరు పైకి చదివితే ఎదుటివారే "కాదండి" అంటారు. మొత్తం కొట్టాక సున్నాలు చూడండి. 5,000 బదులు 50,000 కొట్టడమే కొత్తవారి చేతిలో ఎక్కువగా జరిగే పొరపాటు. పాసుబుక్కు ప్రింటయ్యాక స్టాంపు, పొట్టి సంతకం. నగదు సొరుగులోకి, పుస్తకం వాళ్ళ చేతికి. అప్పుడు గానీ "తర్వాత" అనకూడదు.

చెల్లింపు దీనికి తలకిందులు. ఎస్‌బీ-7 (డబ్బు తీసుకునే) ఫారం, సంతకం పోలిక, నిల్వ, ఎంట్రీ, సూపర్‌వైజర్ వెరిఫికేషన్, అన్నీ అయ్యాకే నోట్లు. అమలాపురం బస్సు వచ్చేస్తోందని ముందే డబ్బు చేతిలో పెట్టారనుకోండి, వెరిఫికేషన్‌లో లావాదేవీ తిరగబడితే మనిషి రావులపాలెం దాటిపోయి ఉంటాడు. సంతకం విషయంలో డెల్టాలో తరచూ వినే మాట ఒకటుంది: "ఆయ్, మా అబ్బాయే పెట్టేశాడండి, నేను పక్కనే ఉన్నానండి." ఎంత తెలిసినావిడైనా ఆ ఫారం పక్కన పెట్టి కొత్తది ఇవ్వండి. వేలిముద్ర అయితే పోస్ట్‌మాస్టర్ ఎదుట, ఆఫీసుకు తెలిసిన సాక్షి ఉండగా వేయించాలి.

చేపలు, రొయ్యల వ్యాపారం నుంచి వచ్చే నోట్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఐసు నీళ్ళు తగిలి చెమ్మగా ఉంటాయి, ఉప్పు పట్టి ఉంటాయి, ఒక్కోసారి పొలుసు అంటుకుని ఉంటుంది. లెక్కపెట్టే యంత్రంలో వేస్తే రెండు నోట్లు ఒకటిగా జారిపోతాయి, లేదా రోలరుకు అతుక్కుని యంత్రం ఆగిపోతుంది. అలాంటి కట్టను అంచులు పట్టి విసనకర్రలా విప్పి, రెండు నిమిషాలు గాలికి పరిచి, చేత్తో ఒకసారి ముందు నుంచి, ఒకసారి వెనక నుంచి లెక్కపెట్టండి. రెండు లెక్కలూ కలవకపోతే మూడోసారి కస్టమరు చేతే పెట్టించండి. తడి కట్టను రబ్బరు బ్యాండు వేసి సొరుగులోకి తోయకండి, తెల్లారేసరికి అట్టలా బిగుసుకుంటుంది. దొంగ నోటు అనుమానం వస్తే వెనక్కి ఇవ్వకూడదు, చింపకూడదు, గొడవ పడకూడదు. కట్ట కదపకుండా పోస్ట్‌మాస్టర్‌ను పిలవండి.

ఫోనుతో చెల్లించేవారు స్క్రీను చూపించి వెళ్ళిపోతారు. వాళ్ళ ఫోనులో "సక్సెస్" కనిపించడం కాదు, మీ సిస్టమ్‌లో జమ కనిపించాలి. అంతవరకూ రసీదు చింపొద్దు.

నెట్‌వర్కు పోయినప్పుడు అసలు పరీక్ష ఎదురవుతుంది. తుపాను గాలికి లైను తెగుతుంది, కరెంటు లేక యూపీఎస్ కూతపెడుతుంది. "డబ్బు, పుస్తకం ఇక్కడ పెట్టి వెళ్తాను, లైను వచ్చాక వేసెయ్యండి బాబూ" అంటారు. మంచితనం కొద్దీ ఒప్పుకుంటే ఆ డబ్బు ఎవరి లెక్కలోనూ లేని డబ్బు అవుతుంది. ఇన్‌స్పెక్టర్ ఆ నిమిషంలో లోపలికి వచ్చి సొరుగు లెక్కపెడితే మీరు చెప్పేది కథ కిందే లెక్క. వద్దని చెప్పండి, ఎప్పుడు రావాలో చెప్పండి.

సాయంత్రం నగదు ఎక్కువ తేలితే అది మీది కాదు, రేపటి తక్కువకు దాచుకునేదీ కాదు. అన్‌క్లాసిఫైడ్ రిసీట్స్ (ఏ పద్దుకూ చెందని జమలు) కింద ఆ రోజే జమ చేయాలి. తక్కువ తేలితే ముందు ఫారాల వెనక రాసిన నోట్ల వివరాలను మొదటి నుంచీ కలుపుకుంటూ రండి. సొరుగులో 500 నోట్లు ఉండాల్సిన దానికంటే ఎన్ని తగ్గాయో తెలిస్తే తప్పు ఏ ఫారం దగ్గర జరిగిందో సగం దొరికినట్టే. వెనక వివరం రాయని రోజు ఈ దారి ఉండదు, జేబులోంచి పెట్టుకోవడమే. సేవింగ్స్ లావాదేవీలు ఎక్కువగా జరిగే ఆఫీసుల్లో అధీకృత పరిమితికి మించి నగదు ఉంచుకుంటే ఏ చెల్లింపుల కోసం ఉంచారో చూపాల్సిన బాధ్యత కూడా ఉంటుంది. కాబట్టి రేపు పెద్ద మొత్తం తీసుకునేవారిని ఈ రోజే అడిగి రాసిపెట్టుకోవడం మంచిది.

తేదీలే అసలు పొదుపు

వడ్డీ రేట్లు మూడు నెలలకోసారి సమీక్షిస్తారు, వాటిని గోడ మీద కాగితం చూసి చెప్పొచ్చు. కస్టమరుకు నిజంగా డబ్బు మిగిల్చేవి తేదీలు. అవి నోటికి రావాలి.

సేవింగ్స్ ఖాతాలో నెల 10వ తేదీ నుంచి నెలాఖరు దాకా ఉన్న కనీస నిల్వ మీద వడ్డీ లెక్క. 12న వేసిన డబ్బుకు ఆ నెల వడ్డీ రాదు. పీపీఎఫ్, సుకన్య ఖాతాలకు ఆ గీత 5వ తేదీ. ఆర్డీ ఖాతా నెల 1 నుంచి 15 మధ్య తెరిచినదైతే ప్రతి నెలా 15 లోపు కట్టాలి, 16 తర్వాత తెరిచినదైతే నెలాఖరు పనిదినం లోపు. తప్పితే 100 రూపాయలకు నెలకు 1 రూపాయి. నెలకు 3,000 కట్టేవారికి ఒక నెల ఆలస్యానికి 30 రూపాయలన్నమాట. నాలుగు వాయిదాలు ఎగ్గొడితే ఖాతా ఆగిపోతుంది, పునరుద్ధరించుకోవడానికి రెండు నెలలే గడువు.

పంట డబ్బు, చెరువు డబ్బు ఒక్కసారిగా వచ్చే ప్రాంతం కాబట్టి ఇంకో సంగతి చెప్పి తీరాలి. ఆర్డీలో ఆరు వాయిదాలు ముందుగా కడితే 100కి 10 రూపాయలు, పన్నెండు కడితే 100కి 40 రూపాయలు రిబేటు. 3,000 ఆర్డీకి ఏడాది వాయిదాలు ఒకేసారి కట్టినవారికి 1,200 మిగులుతుంది. దాళ్వా (రెండో పంట) ధాన్యం డబ్బు చేతికొచ్చిన నెలలో ఈ మాట చెబితే మనిషి మిమ్మల్ని మర్చిపోడు, మరుసటి ఏడు నాలుగు వాయిదాలు ఎగ్గొట్టే పనీ ఉండదు.

ఏజెంట్లు 15కు ముందు రెండు రోజులు, నెలాఖరు రెండు రోజులు ఒక్కసారిగా పడతారు. వాళ్ళు తెచ్చే నగదు జాబితా (ఏ ఖాతాకు ఎంత కడుతున్నారో రాసినది) ఒక్కోటి 20,000 మించకూడదు కాబట్టి ఒకే ఏజెంటు అయిదారు జాబితాలు తెస్తుంది. జాబితాకు డబ్బు విడిగా కట్టించి, ఒక్కో జాబితాను పూర్తి చేశాకే రెండోది ముట్టుకోండి. అన్నిటినీ కలిపి లెక్కపెట్టి "మొత్తం సరిపోయిందమ్మా" అంటే, చివరి జాబితాలో 500 తగ్గినప్పుడు ఎవరి ఖాతాదో చెప్పలేరు. ఇదే ఏజెంటును 10, 11 తేదీల్లో రమ్మని మంచిగా చెప్పండి, వింటారు. వాళ్ళకూ క్యూలో నిలబడే ఓపిక లేదు.

ఇక పుస్తకం ఇంట్లో పడేసి మర్చిపోయిన ఖాతాలు. మూడు పూర్తి ఆర్థిక సంవత్సరాలు లావాదేవీ లేకపోతే సేవింగ్స్ ఖాతా నిద్రపోతుంది. కేవైసీ కాగితాలు, పాసుబుక్కు, దరఖాస్తు ఇస్తే లేస్తుంది. ఖాతాదారు చనిపోయిన ఇంటివాళ్ళు వస్తే అన్నిటికంటే ముందు నామినేషన్ ఉందో లేదో చూడండి. ఉంటే క్లెయిమ్ ఫారం, మరణ ధ్రువపత్రం, పాసుబుక్కు, నామినీ గుర్తింపు, సాక్షులతో పని అయిపోతుంది. నామినేషన్, కోర్టు కాగితం రెండూ లేకపోతే 5 లక్షల లోపు మొత్తానికే, అదీ చనిపోయిన ఆరు నెలలు దాటాకే, అఫిడవిట్లతో దారి. వచ్చిన రోజే కాగితాల జాబితా మొత్తం ఒక చీటీ మీద రాసి ఇవ్వండి. కర్మలు కూడా పూర్తికాని ఇంటివాళ్ళను ఒక్కో కాగితానికి ఒక్కోసారి తిప్పడం కంటే పాపం లేదు.

చిరునామా, ఆవకాయ

పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది. ఇన్నేళ్ళయినా ఊరి పేరు మీదే ఆధారపడేవారు ఎక్కువ. మన నరసాపురం 534275, మెదక్ జిల్లాలో ఇంకో నర్సాపూర్ ఉంది. రామచంద్రపురం మనకొకటి, హైదరాబాదు శివార్లలో ఒకటి. పిన్ లేకుండా బుక్ చేస్తే కవరు తెలంగాణ అంతా తిరిగి వస్తుంది. తూర్పు వైపు ఎక్కువగా 533తో, పడమటి వైపు 534తో మొదలవుతాయి, మొదటి మూడంకెలు సార్టింగ్ జిల్లావి. యానాం సంగతి వేరు. చుట్టూ ఆంధ్రా, రాష్ట్రం గడిలో పుదుచ్చేరి, పిన్ మాత్రం 533464. కస్టమరు "పాండిచ్చేరి" అని రాస్తే 605తో మొదలయ్యే పిన్ వెతకకండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక కవర్ల మీద తూర్పు గోదావరి అనీ, కోనసీమ అనీ, కాకినాడ అనీ రకరకాలుగా రాస్తున్నారు. పిన్ సరిగ్గా ఉంటే జిల్లా పేరు గురించి తల పట్టుకోనక్కర్లేదు.

పంపిణీలో వచ్చే చిక్కు ఇంటిపేర్లది. ఒకే లంకలో (నది పాయల మధ్య ఊళ్ళో) ఒకే ఇంటిపేరుతో ముగ్గురు సత్యనారాయణలు ఉంటారు. బుకింగు దగ్గరే తండ్రి పేరు, ఫోన్ నంబరు రాయించండి. పాస్‌పోర్టులు అసలు మనిషికే, గుర్తింపు చూసి ఇవ్వాలి. గల్ఫ్ వెళ్ళేవారు ఎక్కువున్న ఊళ్ళలో "నేను వాళ్ళ బావనండి, నాకివ్వండి" అనేవారు రోజూ ఉంటారు, పోస్ట్‌మాన్ మెత్తబడకుండా మీరు చెప్పి పంపాలి.

2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. పెద్దవాళ్ళు ఇంకా "రిజిస్ట్రీ చెయ్యి బాబూ" అంటారు. వాళ్ళకు కావాల్సింది చిరునామాదారుకే ఇవ్వడం. స్పీడ్ పోస్టుకు రిజిస్ట్రేషన్ సదుపాయం అదనంగా పెట్టి బుక్ చేయండి, పేరు మారిందని ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు. బార్‌కోడ్‌లో రెండు అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర దేశం అక్షరాలు ఉంటాయి. తొమ్మిదో అంకె సరిచూసుకునే అంకె, అందుకే చేత్తో ఒక్కటి తప్పు కొట్టినా సిస్టమ్ ఒప్పుకోదు. స్టిక్కరు చిరిగిందేమో చూడకుండా సిస్టమ్‌ను తిట్టకండి.

మే, జూన్ నెలల్లో ఆవకాయ పార్సిళ్ళు. ఒక్క డబ్బా కారితే సంచిలో ఉన్న అందరి కవర్లూ ఎర్రబడతాయి. డబ్బా నిండుగా ఉంటే ఎండకు నూనె వేడెక్కి మూత సందులోంచి పైకి తన్నుకొస్తుంది. పైన కనీసం అంగుళం ఖాళీ ఉండాలి. మూత కింద పల్చటి కవరు, మూత చుట్టూ టేపు, డబ్బాను రెండు మందపాటి కవర్లలో విడివిడిగా కట్టి, అట్టపెట్టెలో నాలుగు వైపులా కాగితాలు కుక్కాలి. పెట్టెను చేతిలో తలకిందులు చేసి ఒక నిమిషం ఉంచండి. అట్ట మీద చుక్క కనిపిస్తే తిప్పి పంపేయండి, ఆవిడ అలిగినా సరే. నూనె పడిన బార్‌కోడ్‌ను ఏ యంత్రమూ చదవదు. విదేశాలకైతే కస్టమ్స్ ఫారంలో "ఫుడ్" అని ఒక్క ముక్క రాస్తే చాలదు, ఏ పచ్చడి, ఎంత బరువు, విలువెంత అన్నీ ఉండాలి. ఆ దేశం పచ్చళ్ళు రానిస్తుందో లేదో కూడా ముందే చూడాలి. ఆత్రేయపురం పూతరేకులకు నూనె బాధ లేదు గానీ నలిగితే పొడే మిగులుతుంది. పెట్టెలో పెట్టె, మధ్యలో మెత్త.

లంకల బ్యాగులు, వరద రోజులు

సబ్ ఆఫీసు కింద బ్రాంచి ఆఫీసులు ఉంటాయి. బీపీఎం (బ్రాంచి పోస్ట్‌మాస్టర్) పంపిన రోజువారీ లెక్క, నగదు, బ్యాగులోని వస్తువులు మూడూ ఒకదానితో ఒకటి కలవాలి. బ్యాగు విప్పేటప్పుడు ముందు సీలు, తర్వాత లేబులు, తర్వాతే ముడి. సీలు తేడాగా ఉంటే విప్పకుండా ఇంకొకరిని పిలిచి ఇద్దరూ కలిసి విప్పండి. బ్రాంచిలో ఒక ఖాతా నుంచి రోజుకు 20,000 వరకే తీసుకోగలరు. అంతకన్నా పెద్ద మొత్తం కావాల్సినవారిని బీపీఎం మీ దగ్గరికే పంపుతాడు, అది దృష్టిలో పెట్టుకుని నగదు తెప్పించుకోవాలి.

జులై నుంచి సెప్టెంబరు వరకు ధవళేశ్వరం బ్యారేజీ నీటిమట్టం మీ పనికి సంబంధించిన అంకె. మొదటి హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. మొదటి హెచ్చరిక అనగానే లంక బ్రాంచిలకు నగదు, స్టాంపులు, ఫారాలు ముందుగానే పంపాలి. రెండోది వచ్చేసరికి కాజ్‌వేలు మునుగుతాయి, పంటులు (నది దాటించే పెద్ద పడవలు) ఆగుతాయి. అటు సఖినేటిపల్లి రేవులో పంటు ఆగితే నరసాపురం ఎదురుగా కనిపిస్తూనే ఉంటుంది గానీ బ్యాగు చుట్టూ తిరిగి రావాలి. బీపీఎం దగ్గర ఎక్కువ నగదు ఉండిపోయే ప్రమాదమూ ఉంది, ఇల్లు మునిగే చోట అది మరీ చెడ్డది. అందుకే పంపేటప్పుడు "రెండు రోజుల చెల్లింపులకు సరిపడా" అని లెక్కవేయండి, భయానికి లెక్క వేయకండి. ఆఫీసులో రికార్డులు కింది అరల్లోంచి తీసి నడుము ఎత్తు దాటించండి. బార్‌కోడ్ రోళ్ళు, ప్రింటరు కాగితం పాలిథీన్ కవర్లో కట్టండి, చెమ్మ పట్టిన స్టిక్కరు కవరుకు అంటుకోదు.

జీతం, ఎదుగుదల

ఏడో వేతన సంఘం లెక్కన పోస్టల్ అసిస్టెంటు లెవెల్ 4, మూలవేతనం 25,500తో మొదలు. దాని మీద డీఏ (కరువు భత్యం). ఇంటద్దె భత్యం లెక్కలో ఈ డెల్టా పట్టణాలన్నీ అట్టడుగు జెడ్ తరగతి, ఆ భత్యం 10 శాతమే. అమలాపురంలో అద్దెలు ఆ మాట వినవు. 10, 20, 30 ఏళ్ళకు ఎంఏసీపీ (ప్రమోషన్ లేకపోయినా సర్వీసును బట్టి జీతం లెవెల్ పెంచే పథకం) వస్తుంది, లెవెల్ 5, 6, 7. ఎల్‌ఎస్‌జీ (లోయర్ సెలక్షన్ గ్రేడ్) ప్రమోషన్ కూడా లెవెల్ 5కే కాబట్టి ఎంఏసీపీ అందుకున్నాక వస్తే చేతికి అదనం ఏమీ ఉండదు, బదిలీ, బాధ్యత మాత్రం ఉంటాయి. అలాగని వద్దని రాసిచ్చేముందు తర్వాతి ఎంఏసీపీ మీద దాని ప్రభావం ఏమిటో డివిజన్ ఆఫీసులో అడగండి. నిజమైన గెంతు ఇన్‌స్పెక్టర్ పరీక్ష. నేరుగా లెవెల్ 7, 44,900. సర్వీసు అయిదేళ్ళు నిండగానే రాయడానికి సిద్ధంగా ఉండాలంటే చదువు మొదటి ఏడే మొదలుపెట్టాలి. లెక్కలంటే ఇష్టమున్నవారికి అకౌంటెంట్ పరీక్ష ఇంకో దారి. గ్రామీణ డాక్ సేవకులుగా ఉన్నవారు ఎంటీఎస్ (మల్టీ టాస్కింగ్ స్టాఫ్), పోస్ట్‌మాన్ పరీక్షల మీదుగా ఇదే మెట్లెక్కి వస్తారు. వాళ్ళకు బ్రాంచి ఆఫీసు నియమాలు చేతిపనిగా వచ్చి ఉంటాయి, అది తక్కువ బలం కాదు.

చదవాల్సినవి పోస్టల్ మాన్యువల్ ఐదు, ఆరు సంపుటాలు, సేవింగ్స్ బ్యాంకు సీబీఎస్ (కోర్ బ్యాంకింగ్) మాన్యువల్, ఆర్థిక హ్యాండ్‌బుక్కులు, 1964 ప్రవర్తనా నియమాలు, 1965 సీసీఏ (వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు) నియమాలు. పాత గైడ్లు కొనేముందు ఒక్కటి చూసుకోండి. 1898 నాటి పోస్టాఫీసు చట్టం పోయి 2023 చట్టం 2024 జూన్ 18 నుంచి అమల్లోకి వచ్చింది. అట్ట మీద కొత్త సంవత్సరం ముద్రించి లోపల 1898 సెక్షన్లే ఉంచిన గైడ్లు అమ్ముతున్నారు. విషయసూచిక తెరిచి 2023 చట్టం పేరు లేకపోతే అక్కడే పెట్టేయండి.

రాత్రి పుస్తకం తెరిచి మొదటి పేజీ నుంచి చదివే పద్ధతి ఎనిమిది గంటల కౌంటర్ తర్వాత సాగదు. ఆ రోజు ఇబ్బంది పెట్టిన ఒక్క లావాదేవీ పట్టుకోండి: నామినేషన్ లేని క్లెయిమ్, పోయిన పాసుబుక్కు, చేరని పార్సిలు మీద ఫిర్యాదు. దాని నియమం ఎక్కడుందో వెతికి, నియమం సంఖ్యతో సహా సొంత మాటల్లో అరపేజీ రాయండి. ఆ ఫిర్యాదుకు డివిజన్ ఆఫీసుకు పంపే ఇంగ్లిషు జవాబు ముసాయిదా కూడా రాసి చూడండి. ఈ ఊళ్ళలో చాలామందికి నియమం తెలుసు, ఇంగ్లిషులో నాలుగు వాక్యాలు కూర్చడం దగ్గరే ఆగిపోతారు.

సాయంత్రానికి బిళ్ళలు

అన్ని ఉద్యోగాలకూ సరదా వేరే చోట ఉంటుంది. ఇక్కడ కౌంటర్లోనే ఉంది. 200 రూపాయలతో ఫిలాటెలిక్ (తపాలా బిళ్ళల సేకరణ) డిపాజిట్ ఖాతా తెరిస్తే కొత్త తపాలా బిళ్ళలు విడుదలైనప్పుడల్లా ఇంటికి వస్తాయి. గోదావరి మనుషుల బిళ్ళలు ఒక వరుసగా సేకరించవచ్చు: 1974లో కందుకూరి వీరేశలింగం, 1982లో రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్, మన్యంలో పోరాడిన అల్లూరికి 1986లో. పాత కవర్లు దొరికితే ముద్ర చదవండి. బ్రిటిష్ కాలంలో కాకినాడను కొకనాడ అని రాసేవారు. యానాం 1954 దాకా ఫ్రెంచివారిది, అక్కడి పాత ఉత్తరాల మీద ఫ్రెంచి ఇండియా బిళ్ళలు ఉంటాయి. పాతకాలపు వర్తకుల ఇళ్ళలో లెక్కల పెట్టెలు తెరిచేటప్పుడు కవర్లు చింపకుండా ఉంచమని చెప్పండి. వాటి మీంచి బిళ్ళ ఊడదీయొద్దు, ముద్రతో సహా కవరుకే విలువ.

మామూలు కవరు మీంచి తీయాలంటే బిళ్ళ చుట్టూ సెంటీమీటరు వదిలి కత్తిరించి, గోరువెచ్చని నీళ్ళలో 15 నుంచి 20 నిమిషాలు వేయండి. రంగు కవర్ల ముక్కలు వేరే గిన్నెలో, లేకపోతే ఆ రంగు అన్నిటికీ ఎక్కుతుంది. బిళ్ళను లాగకండి, బిళ్ళను పట్టుకుని కాగితాన్ని జార్చండి. వెనక జిగురు వేలికి తగలకుండా పోయేదాకా కడిగి, తెల్ల కాగితం మీద ముఖం కిందికి పెట్టి ఆరబెట్టండి. న్యూస్‌పేపరు వద్దు, దాని ఇంకు దిగుతుంది. ఎండలో పెడితే రంగు వెలుస్తుంది, హెయిర్ డ్రయ్యరుతో మెలి తిరుగుతుంది. వానాకాలంలో రెండు రోజులు పట్టినా ఆగండి. ఆరాక బరువైన పుస్తకం కింద ఒక రాత్రి.

డెల్టా చెమ్మే ఆల్బమ్‌కు శత్రువు. జిగురు పోని కొత్త బిళ్ళలు ఒకదానికొకటి అంటుకుంటాయి, అంచుల్లో తుప్పు రంగు చుక్కలు లేస్తాయి. చుక్కలున్న బిళ్ళను వెంటనే వేరు చేయండి, పక్కదానికి పాకుతుంది. ఆల్బమ్‌ను పడుకోబెట్టకుండా పుస్తకంలా నిలబెట్టండి. బయటి గోడకు ఆనించిన ఇనుప బీరువా లోపల చెమ్మ చేరుతుంది, దాన్ని జానెడు ముందుకు జరపండి. సిలికా జెల్ నీలం నుంచి గులాబీ రంగుకు తిరిగితే వేడి చేసి మళ్ళీ వాడుకోవచ్చు. చేత్తో కాకుండా చిమటాతో పట్టుకోవడం మొదటి వారమే అలవాటు చేసుకోండి.

హద్దులు కూడా తెలిసి ఉండాలి. బట్వాడాకు వచ్చిన కవరు మీంచి బిళ్ళ తీయడం ఉద్యోగం పోయే నేరం. కౌంటర్ స్టాకులోంచి నచ్చిన షీటు తీసుకోవాలంటే ముందు డబ్బు లెక్కలో పడాలి. అచ్చు తప్పు ఉన్న షీటు చేతికొస్తే లక్షలు వస్తాయని ఎవరో చెబుతారు, దాన్ని జేబులో వేసుకోకుండా పోస్ట్‌మాస్టర్‌కు చూపించండి. సేకరణ తప్పు కాదు గానీ కొని అమ్మడం వ్యాపారంగా మారితే ప్రవర్తనా నియమాల్లో 15వ నియమం అడ్డొస్తుంది. ఊళ్ళోని హైస్కూలులో ఫిలాటెలీ క్లబ్బు పెట్టించగలిగితే ఇంకా మంచిది. ఆరు నుంచి తొమ్మిదో తరగతి పిల్లలకు దీన్ దయాళ్ స్పర్శ్ పథకం కింద ఏడాదికి 6,000 రూపాయల స్కాలర్‌షిప్పు ఉంది. ప్రకటన వచ్చినప్పుడు హెడ్‌మాస్టరుగారికి మీరే తీసుకెళ్ళి ఇవ్వండి, నోటీసు బోర్డులో అంటిస్తే ఎవరూ చదవరు.